నిదానం బావ వేసిన కొత్త డిస్కు

మా అక్క మొగుడికి జనం పెట్టిన పేరు నిదానం. "నిదానం ఉన్నాడా?" అని అడుగుతూనే వస్తారు ఆయన కొట్టుకి. ఆ కొట్టు ఒక మూడంతస్తుల భవనంలో మెట్ల కింద ఉంది. లోపలికి వెళ్లాలంటే నడుం వంచాలి. లేచి నిలబడితే పదో మెట్టు నెత్తికి తగులుతుంది. పదహారేళ్లుగా అక్కడే కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు, ఇప్పటికీ వారానికి ఒకసారైనా తల తగిలించుకుంటాడు. కొట్టు మార్చరాదూ బావా అంటే, "ఈ మెట్టు నా తలకి అలవాటైపోయింది. వేరే మెట్టుకి మళ్లీ నేర్పించాలి" అంటాడు.

పేరుకు తగ్గట్టే పని. విప్పిన స్క్రూలను తెల్లకాగితం మీద, అవి ఏ మూలవైతే ఆ మూలలోనే పెట్టి, ఒక్కోదాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుడతాడు. ఈయనకి బల్బు మార్చమని చెప్పి తను స్నానం చేసి, వంట చేసి, బట్టలు కూడా ఆరేసుకోవచ్చని మా అక్క అంటుంది. నిదానమే ప్రధానమన్న మాట ఈయన్ని చూశాకే పుట్టి ఉంటుంది. ఆలస్యం అమృతం విషం అన్నది మాత్రం మా అక్కే పుట్టించి ఉంటుంది.

పెళ్లైన కొత్తలో బావ ఒక పార్సిల్ కంపెనీలో పనిచేసేవాడు. ఒకరోజు ఆయన చేతుల్లో, కంప్యూటర్‌లో ఉన్న ఆ రోజు పార్సిళ్ల చిరునామాలన్నీ చెరిగిపోయాయి. కరెంటు పోవడం వల్లే అలా జరిగిందని మేనేజరే అందరి ముందూ తేల్చేశాడు. నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది. ఈయన లేచి నిలబడి, "కరెంటు కాదండీ, నేనే తప్పు మీట నొక్కాను" అన్నాడు. నెల తిరిగేలోపు ఉద్యోగం ఊడింది. అక్క పది రోజులు మాట్లాడలేదు. బతకనేర్చినవాడు కాదని ఇంటిల్లిపాదీ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది నేనే. నాకు నోరు ఎక్కువ, ఆ సంగతి దాచను.

నాదేమో ఎంబ్రాయిడరీ పని. రోడ్డు పక్క గదిలో ఒక పెద్ద కుట్టుమిషను, దానికి కేబుల్‌తో కట్టేసిన ఒక పాత కంప్యూటర్. బొమ్మ కంప్యూటర్‌లో గీస్తే మిషను దాన్ని గుడ్డ మీద కుడుతుంది. ఆ గీసే సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మళ్లీ ఎక్కించుకునే దారి లేదు. కొత్తగా దొరికే సాఫ్ట్‌వేర్లకి నా మిషను భాష తెలియదు. అంటే ఆ కంప్యూటర్ ఉన్నన్నాళ్లే నా కొట్టు.

ఆ కంప్యూటర్‌లోని డిస్కు ఒకరోజు టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది. బావ వచ్చి, చెవి ఆనించి, చాలాసేపు విన్నాడు.

"దీనికి రోజులు దగ్గర పడ్డాయమ్మాయ్. ఇంక నమ్మకు. ఎస్ఎస్‌డి అని కొత్తరకం డిస్కు ఉంది, అది వేద్దాం. విండోసూ, నీ సాఫ్ట్‌వేరూ, నీ బొమ్మలూ, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నట్టే అందులోకి దింపేస్తాను."

"ఎక్కడైనా తేడా వస్తే?"

"రానివ్వను."

అప్పుడే నాకు పెద్ద పని వచ్చి ఉంది. ఆసుపత్రిలో పిల్లల వార్డుకి పన్నెండు దుప్పట్లు, మంచానికి ఒక జంతువు చొప్పున. అంకెలు రాని పిల్లలు కూడా తమ మంచాన్ని గుర్తుపట్టాలని పెద్ద నర్సు ఆలోచన. శనివారానికి ఇచ్చేయాలి. అయిదు బొమ్మలు అయ్యాయి, ఏడు గీయాలి.

బావ ఆదివారం పొద్దున్నే వచ్చాడు. మొదట కేబినెట్ విప్పి బ్రష్షుతో దుమ్మంతా దులిపాడు. అక్కర్లేకుండా వాటంతటవే తెరుచుకునే ప్రోగ్రాములన్నీ ఆపేశాడు. తరవాత అరచేతిలో సగం కూడా లేని కొత్త డిస్కుని తగిలించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. దేంట్లోంచి దేంట్లోకి కాపీ చేస్తున్నామో నాచేత మూడుసార్లు పైకి చెప్పించాడు. అటుదిటైతే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కుని తుడిచిపెట్టేస్తుందట. కాపీ అయిదు గంటలు పట్టింది. కంప్యూటర్ మళ్లీ వేయగానే నా సాఫ్ట్‌వేర్, నా బొమ్మలు, తెర మీద నేను పెట్టుకున్న అక్క కూతురి ఫోటో, అన్నీ అలాగే వచ్చాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"పాతదాన్ని లోపలే ఉంచుతున్నా. కొత్తదాని మీద గురి కుదిరాక, నెల తరవాత తీద్దాం" అన్నాడు. అదీ ఆయన పద్ధతి.

ఇక చూడండి నా సంబరం. సోమవారం, మంగళవారం, బుధవారం, కొట్టుకి వచ్చినవాళ్లందరికీ మా బావ గురించే చెప్పాను. "రెప్ప వేసేలోగా తెరుచుకుంటోంది" అన్నాను. పక్క కొట్టు టైలరు చూడ్డానికి వస్తే ఆపి మళ్లీ వేసి చూపించాను. ఆయన కూడా అబ్బో అన్నాడు. రోజూ రాత్రి బావకి ఫోన్ చేసి చెప్తే బావ కూడా ఆహా ఓహో అన్నాడు. రోజూ సాయంత్రం బొమ్మల్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ పెట్టుకోమని బావ ఏళ్ల తరబడి పోరేవాడు, నేను పెట్టుకునేదాన్ని కూడా. కొత్త డిస్కు వచ్చాక ఇంకా ఆ చాదస్తం ఎందుకని ఆ మూడు రోజులూ మానేశాను. ఏనుగు, జిరాఫీ, కప్ప, పీత, ఎలుగుబంటి, నక్క, గుడ్లగూబ. ఏడూ అయిపోయాయి. గుడ్లగూబ కళ్లకే ఒక పూట పట్టింది.

గురువారం పదకొండు గంటలకి బావకి ఫోన్ చేశాను, మరోసారి పొగడ్డానికే.

"గాల్లో తేలిపోతోంది బావా! ఆ టిక్కుటిక్కు ఒక్కటే పోలేదు గానీ, దానికి నేను అలవాటు పడిపోయాన్లే."

అవతల బావ స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు.

"ఎప్పుడొస్తోంది ఆ చప్పుడు?"

"సేవ్ చేసినప్పుడల్లా."

"ఇంక సేవ్ చెయ్యకు. ఏదీ ముట్టుకోకు. ఆపేసి కూర్చో, వస్తున్నా."

ఎనిమిది నిమిషాల్లో వచ్చాడు. నడిస్తే ఇరవై నిమిషాల దారి. చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. ఏదో చిన్న సర్దుబాటు ఉందని కేబుల్ మార్చేసి వెళ్లిపోయి ఉంటే నాకు ఏం తెలిసేది? గుమ్మంలోనే చెప్పేశాడు.

"తప్పు చేశానమ్మాయ్. కొత్త డిస్కులో తిరిగేదేదీ ఉండదు, అది చప్పుడే చెయ్యదు. కంప్యూటర్ లేచేటప్పుడు ఏ డిస్కులోంచి లేవాలో ఒకచోట వరుస ఉంటుంది. అందులో పాతదే ముందుంది. దాన్ని మార్చడం మర్చిపోయాను. మూడు రోజులుగా నువ్వు పనిచేస్తున్నది పాతదాని మీదే. కొత్తది ఇంకా కళ్లే తెరవలేదు."

"మరి ఆ వేగం?"

"దుమ్ము దులిపానుగా. ఆ ప్రోగ్రాములూ ఆపాను."

"నువ్వు కూడా ఆహా ఓహో అన్నావు కదా బావా!"

"నువ్వు అంత సంతోషంగా చెప్తుంటే నాకూ నిజమే అనిపించింది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఊరంతా చాటింపు వేసుకున్నాను కదా, ఆ సిగ్గు ఒకటి. నీ అతి జాగ్రత్తే నా కొంప ముంచిందన్నాను. పాతదాన్ని ఆ రోజే పీకి పారేస్తే ఈ గొడవ ఉండేదా అన్నాను. పార్సిల్ కంపెనీ ఊసు కూడా ఎత్తాను. అది ఎత్తకుండా ఉండాల్సింది. ఆయన అన్నీ విని, కాగితం పరిచి, స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.

పాత డిస్కుని తీసి బల్ల మీద పెట్టి, కొత్తదాని మీద కంప్యూటర్ వేశాడు. నేను కుర్చీ లాక్కునేలోపు తెర వెలిగింది. ఈసారి నిజం వేగం. కానీ అందులో ఆదివారం నాటి అయిదు బొమ్మలే ఉన్నాయి. మిగతా ఏడూ బల్ల మీద పెట్టిన ఆ పాత డబ్బాలో ఉన్నాయి. అవి రాకపోతే శనివారం నేను ఏ మొహంతో ఆసుపత్రికి వెళ్లాలి?

పాతదాన్ని కేబుల్‌తో బయటినుంచి తగిలించి, ఒక్కో బొమ్మనీ విడిగా లాగాడు. ఏనుగు ఇరవై నిమిషాలు తీసుకుంది. మధ్యమధ్య డిస్కుని చల్లారనిచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. ఎంత విసుక్కున్నా ఆయన తొందరపడలేదు. నేనైతే నాలుగు దెబ్బలు వేసి ఎప్పుడో చంపేసేదాన్నని అప్పుడే నాకు అర్థమైంది. మూడున్నరకి ఆరు బొమ్మలు వచ్చాయి. గుడ్లగూబ దగ్గర డిస్కు గట్టిగా ఒకసారి టకామని ఊరుకుంది. మళ్లీ మళ్లీ ప్రయత్నించాడు. పలకలేదు.

"పోయింది" అన్నాడు.

రెండు పూటల పని అది. కుట్టడానికే శుక్రవారమంతా పడుతుంది, ఇక గీయడానికి టైమెక్కడిది? పెద్ద నర్సుకి ఫోన్ చేయాల్సిందే. ఇలాంటప్పుడు నా దగ్గర సాకులకి కరువుండదు. దారం రాలేదంటాను, సూది విరిగిందంటాను, కరెంటు మీద తోసేస్తాను. ఫోన్ చేతిలోకి తీసుకుంటుంటే బావ అన్నాడు:

"నా పేరు చెప్పు. మెకానిక్ పాడుచేశాడని చెప్పు. నిజమేగా."

నర్సు ఫోన్ ఎత్తింది.

"అమ్మా, పదకొండు దుప్పట్లు శనివారానికి ఇస్తాను. పన్నెండోది, గుడ్లగూబది, పోయింది. ఏ రోజు బొమ్మ ఆ రోజు వేరేచోట కాపీ పెట్టుకోవాలి. మూడు రోజులు బద్ధకించి పెట్టుకోలేదు. నా తప్పే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "కుట్టుపనివాళ్లు ఉన్నదున్నట్టు చెప్పడం ఇదే వినడమమ్మా, అదే పదివేలు. ఆ మంచం ఎలాగూ సోమవారం దాకా ఖాళీయే. సోమవారం ఇవ్వు" అంది.

ఫోన్ పెట్టేసరికి గుండెల మీంచి బండ దించినట్టుంది. ఇంత తేలికని తెలిస్తే ఇన్నేళ్లూ అన్ని సూదులు ఎందుకు విరగ్గొట్టుకున్నానో. బావ నా వైపే చూస్తున్నాడు.

"నా పేరు చెప్పమన్నాగా?"

"నీ తప్పు నువ్వు గుమ్మంలోనే ఒప్పేసుకున్నావు బావా. నాది నేను ఒప్పుకోవద్దూ?"