మా మామ కట్టిన బోను

మా మామ, అంటే నా పెనిమిటి తండ్రి, పోయాడని మొన్న మా బొగ్గుబావి కాలనీకి కబురు వచ్చింది. మంచిర్యాల దాటి గోదారొడ్డున ఉన్న మా ఊరు చేరేసరికి వాకిలి నిండా జనం. ఏడ్చేవాళ్లు ఏడుస్తున్నారు. తక్కినవాళ్లు బీడీలు కాలుస్తూ, "ఒక్క బోనుల ఐదు నీటికుక్కలను పట్టిండు. మొనగాడంటే ఆయనే!" అని చెప్పుకుంటున్నారు. అంత మంచి మనిషిని తలుచుకోవడానికి వీళ్లకు అదొక్కటే దొరికిందా?

ఆయన చేపలు పట్టి బతికినవాడు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నాకు చేప తోమడం రాదు. ఆయనే అరుగు మీద కూర్చుని తోమి ఇచ్చేవాడు. మా ఆడబిడ్డ నవ్వితే, "నువ్వు మీ అవ్వ కడుపులకెల్లే నేర్సుకొని వచ్చినవా?" అని ఆమె నోరు మూయించేవాడు.

నీటికుక్కలు వలలు కొరికి చేపలు ఎత్తుకుపోయేవి. వాటి తోళ్ల కోసం రైల్లో ఒక వ్యాపారి వచ్చేవాడు. మాకు కొత్త రాష్ట్రం వచ్చిన ఏడు, అతను చెప్పినట్టే మామ వెదురుబద్దలు, ఇనుప తీగతో మనిషి పొడుగు బోను కట్టాడు. దాని తలుపు లోపలికే తెరుచుకుంటుంది. ఒకటి దూరగానే తలుపు మళ్లీ పడిపోతుంది. వెనకొచ్చింది నెట్టుకుని తనూ దూరుతుంది. ఎన్నైనా పడతాయి, ఒక్కటీ బయటికి రాదు. నీటికుక్కలు ఇంటిల్లిపాదీ కలిసి తిరుగుతాయి. ఆ గుణం తెలిసి కట్టిన బోను అది. నాకు మొదటి నుంచీ దాన్ని చూస్తేనే రోత.

"బోను పెట్టుడు పనిగాదు బిడ్డా, పొద్దుగాల్ల పోయి చూసుడు పని. ఏ జీవినీ గోస పెట్టొద్దు" అనేవాడు మామ. ఒక్క పొద్దు కూడా తప్పేవాడు కాదు.

నా రెండో కాన్పు అత్తగారింట్లోనే అయింది. ఆ రోజు బోను గంగలో, అంటే గోదారిలో ఉంది. పురుడు వచ్చిన ఇంటి మగవాళ్లు పదకొండు రోజులు గంగలో దిగకూడదు. దిగితే పసిపిల్లకు కీడని మా వాడలో అందరికీ భయం. బోను చూసి రమ్మని మామ పక్కింటాయనను బతిమాలాడు. "ఇంకొకని బోనుకు చెయ్యి పెడితే కులపోళ్లు ఊకుంటరా అన్నా?" అని ఆయన తప్పుకున్నాడు.

మూడో రోజు మామ నా గది గడప అవతల వచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా, ఒక్కసారి పోయి గా తలుపు ఇరగ్గొట్టి వస్త. ఏమంటవ్?"

పిల్ల నా ఒళ్లో పాలు తాగుతోంది. "వద్దు మామా, నా పిల్లకేమన్నయితది" అన్నాను.

"నువ్వద్దంటే పోను" అని వెళ్లిపోయాడు.

పన్నెండో రోజు బోను ఎత్తాడు. తల్లి, తండ్రి, మూడు పిల్లలు. సగం నీళ్లలో, సగం పైన ఉండే బోను కాబట్టి వెంటనే చావలేదు. ఆకలికి ఒకదాన్నొకటి కొరుక్కున్నాయి. ముట్టుకుంటే తోలు ఊడి వచ్చింది, లోపలంతా పురుగులు. ఇసుకలో గుంత తవ్వి పాతిపెట్టి, బోను కాల్చేసి ఇంటికి వచ్చాడు. అత్త చింతపండు, బూడిద వేసి ఆయన చేతులు రుద్దింది. కంపు పోలేదు.

పక్కింటాయన అప్పుడొచ్చి చల్లగా, "నాలుగొద్దులు అరిసినయే. ఇండ్లదాక ఇనవడ్డది" అన్నాడు. తలుపులు మూసిన పురిటిగదిలో నాకు వినపడలేదు గానీ, అందరూ విన్నారు. వింటూనే అన్నాలు తిన్నారు. ఆ వాడ మీద ఉమ్మేయాలనిపించింది. కానీ వద్దన్నది నేనే కదా! నా మీద నాకు పుట్టిన రోత పదేళ్లయినా పోలేదు.

వ్యాపారి వచ్చి, "తోళ్లు పాడైతే ఏమాయె, ఇంకోటి కట్టు" అన్నాడు. "నా వాకిట్ల నిలవడకు" అని మామ అతన్ని పంపేశాడు. నేను నా తప్పు ఒప్పుకోబోతే అడ్డం పడ్డాడు. "నువ్వు పిల్లతల్లివి, నీకు భయముంటది. కట్టినోన్ని నేను."

ఇరవై ఒకటో రోజు పిల్లను తొట్టెలలో వేశాం. ముందుగా తాత ఎత్తుకోవాలని అత్త పిల్లను మామకు అందించింది. ఆయన ముంజేతులు రెండూ చాపి, వాటి మీద పిల్లను పడుకోబెట్టుకున్నాడు. అరచేతులు మాత్రం పిల్లకు తగలకుండా బయటికి తిప్పుకుని, ఆడవాళ్ల పాట అయ్యేదాకా అట్లాగే నిలబడ్డాడు.