అక్క కారులో ఎడమ స్పీకరు

దయ్యాలంటే నేను నవ్వే రకం. పోయినవాళ్లు దేవుడి దగ్గర ఉంటారని చర్చిలో విని నమ్మాను గానీ, కారు స్పీకర్లలో ఉంటారని ఎప్పుడూ అనుకోలేదు. పైగా రాజమండ్రిలో కార్లకి స్టీరియోలు బిగించే షాపు నాది. బండిలో ఏదో వింతగా ఉందంటూ వచ్చినవాళ్లు ఎందరో. చివరికి ఏ వదులు వైరో, తుప్పు పట్టిన ఎర్త్ కనెక్షనో బయటపడేది. అందుకే ఇది రాయాలంటే కాస్త సిగ్గుగానే ఉంది.

మా అక్క రావులపాలెంలో టీచరు. బావ కిందటేడు గుండెపోటుతో పోయాడు. ఆయనకి డ్రైవింగ్ రాదు. అక్క నడుపుతుంటే ఎడమ సీట్లో దర్జాగా కూర్చునేవాడు. నన్ను ఏడిపించడం ఆయన జన్మహక్కు. స్టీరియో కూడా నా దగ్గర కొనకుండా ఆన్‌లైన్‌లో తెప్పించి, తనే బిగించుకున్నాడు.

"బావమరిది పని చూసి నవ్వుకోడానికి బావుంటుంది గానీ, బండిలో పెట్టుకోడానికి కాదోయ్" అనేవాడు.

తీరా బిగించడంలో తప్పు చేశాడు. స్టీరియోకి పసుపు వైరు, ఎర్ర వైరు ఉంటాయి. పసుపు వైరుకి బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు అందాలి. గడియారం, స్టేషన్లు, సౌండు సెట్టింగులు దానివల్లే గుర్తుంటాయి. ఎర్రదానికి తాళం తిప్పితేనే కరెంటు రావాలి. బావ ఆ రెండూ తారుమారు చేశాడు. దాంతో తాళం తీయగానే స్టీరియో అన్నీ మర్చిపోయేది.

బావకి కుడి చెవి వినపడదు. అందుకని కారెక్కగానే సౌండంతా ఎడమ తలుపు స్పీకరుకి తిప్పుకునేవాడు. అక్క విసుక్కుంటూ మధ్యకి తెచ్చేది. ఆయన మళ్లీ తిప్పేవాడు. తాళం తీయగానే అది మర్చిపోయి సౌండు మధ్యకొచ్చేసేది కాబట్టి మర్నాడు మళ్లీ అదే తంతు. వైర్లు మారుస్తానంటే ఒప్పుకునేవాడు కాదు.

"ఒద్దోయ్. మీ అక్కతో రోజుకో తగువైనా ఉండొద్దూ?"

ఆయన పోయిన కొన్నాళ్లకి, ఒక మధ్యాహ్నం అక్క షాపుకొచ్చింది. కారు దిగకుండానే నన్ను ఎక్కమంది. బండి తీసే ముందు ఒక్క ముక్క ప్రార్థన చేసుకోవడం మా ఇళ్లలో అలవాటు. అది ముగించి తాళం తిప్పింది. గడియారం మొదటికొచ్చి మిణుకుమంటోంది. స్టేషన్లు ఒక్కటీ లేవు. పెన్‌డ్రైవ్‌లోని పాట మాత్రం నా మోకాలి పక్క తలుపులోంచే వస్తోంది. తెర మీద సౌండు ఎటుందో చూపే బ్యాలెన్స్ గీత ఎడమ చివరికి ఉంది.

"రోజూ ఇంతేరా. నేను మధ్యకి తెస్తాను, పొద్దున్నకి మళ్లీ అటే ఉంటది. అరటికాయల వ్యాపారం చేసే ఒకాయన బండి అడుగుతున్నారు. వైరు తప్పయితే చెప్పు, ఇచ్చేస్తాను. కాదంటే..." అని ఆగింది. "కాదంటే ఎలా ఇస్తాన్రా?"

నాకు దుఃఖం పొంగుకొచ్చింది. అయినా, నిజం చెప్పాలంటే, ఇదేంటో తేల్చాలన్న కుతూహలమే ఎక్కువైంది.

కుడి స్పీకరు పోయిందేమోనని చూశాను. మధ్యకి తిప్పితే శుభ్రంగా పాడింది. తాళం తీసి పసుపు వైరుకి మీటరు పెట్టాను. సున్నా. గుర్తుపెట్టుకోడానికి సెట్టుకి కరెంటే లేదు. షాపులో అదే మోడల్ కొత్తది ఉంటే, బల్ల మీద బ్యాటరీకి కలిపి, పీకి, మళ్లీ కలిపి చూశాను. ఎన్నిసార్లు చేసినా సౌండు మధ్యలోనే మొదలైంది. ఆ కొత్తదాన్నే తెచ్చి అక్క కారులో బావ వైర్లకి కలిపాను. తాళం తిప్పాను. పాట ఎడమనుంచే వచ్చింది.

బావ ముఖం కూడా ఎరగని సెట్టు అది.

పాతదే మళ్లీ పెట్టి, ఈసారి వైర్లు సరిచేద్దామనుకున్నాను. బావ చుట్టిన నల్ల టేపు విప్పి, పసుపు, ఎర్ర వైర్లు మార్చి కలిపాను. సరిచేశాక సౌండు మధ్యకి తెచ్చి, తాళం తీసి మళ్లీ తిప్పాను. మధ్యలోనే ఉంది. గడియారం కూడా టైము మర్చిపోలేదు.

"అయితే వైరేనన్నమాట" అంది అక్క. గొంతులో ఊరట లేదు.

అవునంటే బండి అమ్ముడుపోయేది, కథ ముగిసేది. కానీ అది సగమే నిజం.

"అది అన్నీ ఎందుకు మర్చిపోతోందో దొరికిందక్కా. ఆ ఒక్కటీ ఎలా గుర్తుంటోందో మాత్రం దొరకలేదు" అన్నాను.

అక్క పక్క సీటు వంక చూసింది. "మళ్లీ మీ బావ కలిపినట్టే కలిపెయ్‌రా" అంది.

తప్పని తెలిసీ కనెక్షన్ ఇవ్వడం నా పనిలో అదే మొదటిసారి. బండి అమ్మలేదు.

ఇప్పటికీ అక్క వచ్చినప్పుడల్లా మీటరు పట్టుకెళ్తాను. ఇప్పటికీ సున్నాయే, పాట ఇప్పటికీ ఎడమనుంచే. నాకు తెలిసిన విద్యలో దీనికి జవాబు లేదు. మొన్న షాపు ముందునుంచి బయల్దేరుతూ అక్క ప్రార్థన చేసి, తాళం తిప్పి, సౌండు మధ్యకి తెస్తూ ఖాళీ సీటుతో అంటోంది:

"అబ్బా, కాసేపు ఉండండీ. నన్ను కూడా విననివ్వండి."