బాసర ఒడ్డున పట్టిన చెయ్యి

మా బొగ్గుగనుల కాలనీలో ఒక అలవాటుంది. పిల్లలకు బాసర గుడిలో అక్షరాభ్యాసం చేయించి బయటికొచ్చాక, గోదావరి ఒడ్డున పళ్లెంలో బియ్యం పోసి, బాగా చదువుకున్న మనిషితో ఇంకోసారి చెయ్యి పట్టించి రాయిస్తారు. పక్కింటి ముసలమ్మ తన మనవరాలి కోసం నన్ను అడిగింది. నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తాను, పైగా పీహెచ్‌డీ చేశాను.

"గింత సదువు మన గల్లీల ఎవ్వలికున్నది సారూ" అన్నదామె. పొంగిపోయాను, దాచడమెందుకు.

మేం చేరేసరికి ఒడ్డంతా మంచు కమ్మి ఉంది. నీళ్లెక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. దూరంగా ఒక పడవ గాలిలో నిలబడ్డట్టు కనిపించింది. నాకోసం చాప పరిచారు. గనిలో డ్యూటీ దిగి నిద్రలేకుండా వచ్చిన పిల్ల తండ్రి, నేను కూర్చునేదాకా నిలబడే ఉన్నాడు.

కాలనీ మీటింగుల్లోనూ ముందు కుర్చీ నాదే. నేను చెప్పిందానికి అందరూ తలలూపుతారు, తర్వాత యూనియన్ లీడర్ చెప్పినట్టు చేస్తారు. నాకు కడుపు మండేది. ఇంత చదివింది ఊరికే పోలేదని ఎవరైనా ఒక్కరు అంటే వినాలని ఉండేది. ఆ పొద్దున నది, మంచు, చాప, అన్నీ కలిసి అదే మాట అంటున్నట్టు అనిపించింది.

పిల్ల వేళ్లు నా చేతిలో చల్లగా ఉన్నాయి. ఇద్దరం బియ్యంలో 'ఓం' రాశాం. గింజలు మెల్లగా జారి గీతల్ని పూడుస్తుంటే, పిల్ల నవ్వుతూ మళ్లీ మళ్లీ రాయించుకుంది. నాకు లేవాలనిపించలేదు.

అప్పుడు ముసలమ్మ గుడివైపు తిరిగి దండం పెట్టింది.

"తల్లీ, నా మనుమరాలికి సారు లెక్క సదువు రావాలె. బతుకు మాత్రం సారు లెక్క ఇయ్యకు. గంత సదివిండు, తల నెరిసింది, ఇంకా కాంట్రాక్టు నౌకరే. ఎవ్వలు ఆయన మాట ఇనరు, పాపం."

ఆ గొంతులో ఎగతాళి లేదు. నన్ను పిలిచినప్పుడున్న ప్రేమే ఉంది. పిల్ల తండ్రి కూడా కళ్లు మూసుకుని దండం పెట్టాడు. నాకు చాప మీద నుంచి లేచి ఆ మంచులో కలిసిపోవాలనిపించింది.

ఆమె నావైపు తిరిగింది.

"చెయ్యి పట్టినోళ్లే తథాస్తు అనాలె సారూ."

అందరూ ఎదురుచూస్తున్నారు. పిల్ల బుగ్గకు బియ్యపు గింజ ఒకటి అంటుకుని ఉంది. నేను దాన్ని తీసేసి తథాస్తు అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.