ఉసేనమ్మ సుగ్గికి పోయిన ఏడు

2023 చలికాలం. ఆదోనిలో ఒక స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. మా పని ఇదీ అని చెబితే నమ్మేవాళ్ళు తక్కువ. ఊళ్ళలో పేద రైతు కుటుంబాలను గుర్తించి, ఆ ఇంటి ఆడమనిషి బ్యాంకు ఖాతాలో ఒకేసారి కొంత డబ్బు వేస్తాం. అది అప్పు కాదు. విత్తనాలే కొనాలనో, సంఘంలో చేరాలనో నిబంధనలు లేవు. ఆఫీసులో దీన్ని అన్‌కండిషనల్ గ్రాంట్ అంటాం, అంటే షరతు లేని సాయం. షరతు ఉన్నదల్లా మాకే. డబ్బు దేనికి వాడుకోవాలో మేం సలహా ఇవ్వకూడదు. నాలాంటి నోరు ఊరుకోని మనిషికి ఇంతకన్నా శిక్ష లేదు.

గోనెగండ్ల దగ్గర ఒక ఊళ్ళో ఈరన్న, ఉసేనమ్మ అనే దంపతులు మా జాబితాలోకి వచ్చారు. మూడెకరాల మెట్ట, అందులో పత్తి. ఆ ఏడు వాన మొహం చాటేసింది. మా వైపు పంట పోయిన ఏళ్ళలో, ఆ మాటకొస్తే పండిన ఏళ్ళలో కూడా, ఇంటికి తాళం వేసి పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్ని సుగ్గి అంటారు. మూడు నాలుగు నెలలు చేల గట్ల మీద టార్పాలిన్ పట్టల గుడిసెల్లో కాపురం.

నేను మొదటిసారి వివరాలు రాసుకోవడానికి వెళ్ళినప్పుడు ఉసేనమ్మకు ఐదో నెల. ఎనిమిదేళ్ళ కూతురు ఉంది. ఆ తర్వాతి కాన్పు రెండేళ్ళ కిందట సుగ్గిలోనే, నెలలు నిండకుండా, పట్ట కింద జరిగింది. బిడ్డ ఒక పూట కూడా బతకలేదు. ఈ సంగతి ఆమె జొన్నలు చెరుగుతూ, తలెత్తకుండా చెప్పింది. చివర మాత్రం చేట కింద పెట్టింది.

"ఈ తూరి నేను పోను మేడమ్మా. ఎట్లన్నా జేసి ఈడనే ఉండాల."

ఆ మాట నన్ను బస్సులో కూడా వదల్లేదు. ఈమెకు డబ్బు త్వరగా పడితే చాలు దేవుడా అనుకున్నాను. నెల తిరగకుండానే ట్రాన్స్‌ఫర్ అయింది, అంటే డబ్బు ఖాతాలో పడింది. నా సొంత ఖాతాలో పడినంత సంబరపడ్డాను.

వారం తర్వాత వెళితే ఈరన్న అరుగు మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టాడు. ఈ దుడ్లతో ఏం చేయమంటారని అడిగాడు. మీ ఇష్టం అన్నాను. బోరు వేయించమంటారా, పాలిచ్చే ఎనుము కొనమంటారా అని మళ్ళీ అడిగాడు. మీ ఇష్టం అన్నాను. గడప దగ్గర నిలబడిన ఉసేనమ్మ మెల్లగా అడిగింది.

"ఈడనే ఉండేదా, సుగ్గికి పొయ్యేదా మేడమ్మా?"

ఉండవే తల్లీ అనడానికి నాలుక దురద పెట్టింది. నా మొహం చూస్తే జవాబు తెలిసిపోతుందని గోడ వైపు తిరిగాను. "చెప్తి గదమ్మా, మీ ఇష్టం" అన్నాను. చెప్పులేసుకుని బస్సుకు వెళ్ళిపోయాను. నియమం ఎంత బాగా పాటించానో అని దారి పొడుగునా నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. బుద్ధి తక్కువ.

నెల దాటాక ఫాలో-అప్‌కు వెళ్ళాను. డబ్బు పడ్డాక కుటుంబం ఎలా ఉందో చూసి రావడాన్ని అలా అంటాం. తలుపుకు తాళం. పక్కింటి ఖాజాబీ కుట్టు మిషను ఆపకుండానే, సుగ్గికి పోయి పది దినాలాయె అంది. ఎనిమిదో నెల మనిషి ఎట్లా పోయింది, డబ్బుంది కదా అని అరిచినంత పని చేశాను. ఆమె మిషను ఆపింది.

"దుడ్లు ముట్టుకోల్యామ్మా వాళ్ళు. మూడుసార్లు మీ ఇష్టం అంటివంట. మొగం గూడ తిప్పుకుంటివంట. మేడమ్మకు మా మీద కోపమొచ్చింది, ఇప్పుడు తీస్కుంటే రేపు ఏమంటారో అని ఈరన్న బయపడ్యా."

నేను పుట్టి పెరిగింది ఆదోనిలో. మా అమ్మ "నీ ఇష్టం" అందంటే ఆ పూట ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. బ్యాంకులో, తాలూకాఫీసులో బల్ల అవతలి మనిషి "మీ ఇష్టం" అన్నాడంటే, చేసి చూడు నీ సంగతి చెప్తా అని అర్థం. ఈ మాట ఎరగనిదాన్నా నేను? శిక్షణలో రాసిచ్చిన మాటను మొహం పక్కకు తిప్పి మరీ అప్పజెప్పాను.

ఈరన్న ఫోను స్విచ్చాఫ్. పది నిమిషాలకోసారి చేస్తూనే ఉన్నాను. మా మేనేజరు మంచివాడే. వాళ్ళ నిర్ణయంలో మనం తలదూర్చకూడదు, నీ తప్పేం లేదు అన్నాడు. తప్పు లేదన్నందుకు నాకు ఇంకా మండింది. వాళ్ళు నిర్ణయం తీసుకుని పోలేదు సార్, నాకు భయపడి పోయినారు అన్నాను. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు సెలవు చీటీ రాసి ఆయన బల్ల మీద పెట్టాను. వాళ్ళను కూలికి తీసుకెళ్ళిన మేస్త్రీ నంబరు ఖాజాబీయే సంపాదించి పెట్టింది. గుంటూరులో రైలు దిగి, బస్సు మారి, చివరికి ఆటోలో ఆ చేనికి చేరాను.

మిరప ఘాటుకు తుమ్ములు ఆగలేదు. సాళ్ళ మధ్య ఉసేనమ్మ ఒక చెయ్యి నడుముకు ఆనించి, ఇంకో చేత్తో కాయలు తెంపుతోంది. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. నన్ను చూసి భయపడింది. దుడ్లు తీయలేదు మేడమ్మా, అట్లనే ఉన్నాయి అని ముందే చెప్పేసింది. నాకు ఏడుపొచ్చింది.

ఆమెతో పాటు గట్టు మీద కూర్చున్నాను. వచ్చేయమని అనకూడదు, అంటే అది ఇంకో షరతు అవుతుంది. దారంతా కూడబలుక్కున్న మాటలే చెప్పాను. "ఆ పొద్దు నేను మాట్లాడింది తప్పమ్మా. నాకు కోపం ల్యా. అది నీ దుడ్డు. ఈడున్నా నీదే, ఇంటికి పోయినా నీదే. ఎవురూ వచ్చి ఎనక్కి ఇమ్మనరు."

ఈరన్న బస్తా దించి దగ్గరికి వచ్చాడు.

"నేను ఇంటికి పోతే నీకేమన్నా మంచి పేరొస్తాదా మేడమ్మా?" అని ఉసేనమ్మ అడిగింది.

"రాదు. ఈ రెండు దినాల జీతం గూడ పోతాది."

"పోకుంటే నిన్ను తిడ్తారా?"

"ఎవురూ తిట్టరు."

మొగుడి వైపు తిరిగింది. "అట్లయితే అది నిజంగా నా దుడ్డే" అంది. లేచి, ఒడిలోని కాయలు బస్తాలో పోసి, కూతుర్ని కేకేసింది. ఈరన్న ఒప్పుకున్న చేను ముగించి వస్తానన్నాడు. తల్లీ కూతుళ్ళు నాతో బయలుదేరారు. రైలు కుదిపినప్పుడల్లా ఆమె పొట్ట వైపే చూశాను. ఆమె మాత్రం కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

ఫిబ్రవరిలో ఆదోని ఆసుపత్రిలో మగబిడ్డ పుట్టాడు. ఏడుపు వార్డు దాటి వినిపించింది. ఆ తర్వాత ఏ ఊరికి వెళ్ళినా నేను "మీ ఇష్టం" అనలేదు. ఇది మీది, తిరిగి ఇమ్మని అడగం అని చెప్పి, వాళ్ళ అనుమానాలన్నీ తీరేదాకా ఎదురుగా కూర్చుంటున్నాను. అయినా ఆ రోజు చేనికి వెళ్ళడం నియమం తప్పడమేనా అని ఇప్పటికీ నాలో నేను కొట్టుమిట్టాడుతూనే ఉంటాను.

వేసవిలో ఆఖరి ఫాలో-అప్. ఫారంలో ఒక ప్రశ్న ఉంది, డబ్బు దేనికి వాడారు అని. ఈరన్న గొర్రెల పేరు చెప్పబోయాడు. రెండు కొన్న మాట నిజమే. ఉసేనమ్మ బిడ్డకు పాలిస్తూ అడ్డం వచ్చింది.

"కూచునేదానికి."

అర్థం కాక ఆమె వంక చూశాను.

"పెండ్లయినప్పట్నుంచి ఒక్క చలికాలం నా ఇంట్లో నేను కూచోల్యా మేడమ్మా. ఈ తూరి కూచుంటి, బిడ్డ బతికె. గొర్రెలు తర్వాత రాస్కో. ముందు అది రాయి."

అలాగే రాశాను. నాలుగు రోజులకు పై ఆఫీసు నుంచి ఫోను. కూర్చోవడం ఖర్చెలా అవుతుంది, సరిచేసి పంపండి అన్నారు. సరిగ్గానే ఉంది సార్, అన్నిటికన్నా పెద్ద ఖర్చు అదే అన్నాను.