ముందుగా ఎవరు మాట్లాడారు?

వికారాబాద్ నుంచి తాండూరు వెళ్లే రైల్లో, ఒళ్లో డప్పు పెట్టుకున్న ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నాను.

"ఏం పాట బిడ్డా?" అని అడిగాడు.

ఒక ఇయర్‌ఫోన్ ఆయనకిచ్చాను. అది డబ్ అనే రకం సంగీతం, మాటలుండవు. డ్రమ్ము ఉన్నట్టుండి ఆగిపోతుంది, లోతైన బేస్ గిటార్ ఒక్కటే నడుస్తుంటుంది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"నడుమ జాగ మస్తు ఇడిసిండ్రు. ఎవలు గీళ్లు?"

"ఇంగ్లండోళ్లు తాతా, ఇద్దరు దోస్తులు. వయసుల ఉన్నప్పుడు సురువు చేసిండ్రు. నడుమ కొన్నేండ్లు విడిపోయి మల్ల కలిసిండ్రు. ఇప్పుడు జుట్టు నెరిసినా కలిసే చేస్తున్నరు."

"మల్ల ముందుగాల ఎవలు మాట్లాడిండ్రు?"

వాళ్ల గురించి దొరికిందల్లా చదివాను కానీ ఆ సంగతి నాకు తెలియదు. నాతో కలిసి పాటలు కట్టిన స్నేహితురాలితో నేను మాట్లాడి అప్పటికి ఏడాది దాటింది.

"నేను, నా జోడుగాడు ఆరేండ్లు మాట్లాడుకోలే," అన్నాడాయన. "పెద్దేముల్ ఊళ్లె ఒక పెండ్లికి ఇద్దర్నీ పిలిచిండ్రు. ఆడు డప్పు కొడుతుంటే నా చెయ్యి ఊకోలే. దరువు కలిసినంక ఇగ మాటలెందుకు బిడ్డా?"

తాండూరులో దిగి ఆయన జనంలో కలిసిపోయాడు. నేను ప్లాట్‌ఫాం మీదే నిలబడి ఆ పాట నా స్నేహితురాలికి పంపాను. కింద ఏమీ రాయలేదు.

సాయంత్రం ఫోన్ చేసింది. "బేస్ మంచిగుంది గనీ, జర స్లో ఉందే," అంది.

నాకు ఆ నెమ్మదే నచ్చింది. దాని మీదే గంటసేపు వాదించుకున్నాం.