కలెక్టరు నోట్లో ముల్లు

2022 మే నెల. బందరు నుంచి మంగినపూడి వెళ్ళే దారిలో ఒక చిన్న పశువైద్యశాలలో నేను డాక్టర్ని. మా దగ్గరకు వచ్చేవి గేదెలు, మేకలు, కోళ్ళు. పిల్లిని మోసుకొచ్చేవాళ్ళు అరుదు. అందుకే ఆ రోజు పొద్దున్నే ఒకతను రొయ్యల ట్రేలో పిల్లిని పెట్టి, పైన వలముక్క బిగించి కట్టుకుని వరండాలో నిలబడితే, గేదెల కోసం వచ్చినవాళ్ళంతా నవ్వారు.

అతని పేరు నాంచారయ్య. సముద్రంలో వేటకు వెళ్ళే మనిషి. వెంట అతని భార్య నాగమణి. పిల్లి పేరు కలెక్టరు. ఊళ్ళో ప్రతి ఇంటి వంటగదినీ తనిఖీ చేసి వస్తుంది కాబట్టి ఆ పేరు పెట్టారట. పేరు విని నేనూ నవ్వాను. ట్రేలోకి చూశాక నవ్వు ఆగిపోయింది.

పిల్లి నోరు మూతపడటం లేదు. కింది దవడ వేలాడుతోంది. చొంగ కారి మెడ కింద వెంట్రుకలన్నీ తడిసి అట్టకట్టాయి. ఉండి ఉండి ముందుకాలితో మూతి గీరుకుంటోంది.

"ముల్లు గుచ్చుకుందండీ. కాలవ జెల్ల చేపల తలకాయలు తింది నిన్న. నేనే తీసేద్దామని నోట్లో వేలు పెట్టా. కొరికింది" అన్నాడు నాంచారయ్య. కుడిచేతి చూపుడువేలికి గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ నిండా పసుపు.

వాళ్ళ ఊళ్ళో అందరూ చేసే పనే అది. పిల్లాడి గొంతులో ముల్లు ఇరుక్కున్నా, పిల్లి నోట్లో ఇరుక్కున్నా ముందు వేలు పెడతారు. కానీ పశువైద్యం చదివిన ప్రతివాళ్ళకీ మొదట్లోనే చెప్పే హెచ్చరిక ఒకటి ఉంది. దవడ జారి, చొంగ కారుతూ, గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు కనిపించే జంతువు నోట్లో వట్టిచెయ్యి పెట్టవద్దని. రేబీస్‌లో ఒక రకం అచ్చం అలాగే ఉంటుంది. దాన్ని డంబ్ రేబీస్ అంటాం. అందులో జంతువు మీదపడి కరవదు. దవడ కండరాలు చచ్చుబడి, మింగలేక, దిగాలుగా కూర్చుంటుంది. చూసినవాళ్ళు పాపం అనుకుని నోరు తెరుస్తారు.

"పిల్లి సంగతి తర్వాత. ముందు మీరు ఆ కట్టు విప్పి, పంపు కింద సబ్బుతో పావుగంట కడగండి" అన్నాను.

"నాకేం కాలేదండీ. దానికి ముల్లు తీయండి."

"కడిగాక ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి ఏఆర్‌వి వేయించుకోవాలి. పిచ్చికుక్క కరిస్తే వేస్తారే, ఆ వ్యాక్సిన్."

"కుక్కకి కదండీ పిచ్చి? పిల్లికేంటి?"

పిల్లికీ వస్తుందని చెప్పాను. మొహం చిట్లించుకుంటూనే పంపు దగ్గరకు వెళ్ళాడు. తిరిగొచ్చి, "లోపల ముల్లు కనపడితే ఇంక సూదులు అక్కర్లేదు కదండీ?" అని బేరం పెట్టాడు.

"చూద్దాం" అన్నాను. కుదరదు అనాల్సిన చోట చూద్దాం అన్నాను. నా మొదటి తప్పు అది.

చేతులకు మందపాటి గ్లవ్స్ వేసుకుని పిల్లికి మత్తు ఇచ్చాను. అటెండర్ సుబ్బారావు గారు టార్చి పట్టుకున్నారు. అంగుడికి అడ్డంగా, రెండు దవడపళ్ళ మధ్య రంపంలాంటి జెల్ల ముల్లు బిగుసుకుని ఉంది. ఫోర్సెప్స్‌తో లాగితే ఊడి వచ్చింది. నాంచారయ్య మొహం వెలిగిపోయింది.

"చూశారా! నేను చెప్పలా?"

నాకూ గుండె తేలికపడింది. "హమ్మయ్య. ఇక భయం లేదు" అనేశాను. ఆ నాలుగు మాటలు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. నాంచారయ్య హుషారుగా టీ తాగడానికి రోడ్డు మీదకు వెళ్ళాడు. నాగమణి పిల్లికి మెలకువ వచ్చేదాకా ఉంటానంది.

పిల్లిని బల్ల మీద నుంచి ఎత్తుతూ సుబ్బారావు గారు ఆగారు. "మేడం, ఈ వెనక కాలు ఒకసారి చూడండి."

బొచ్చు పక్కకి తీస్తే రెండు గాట్లు, పైన ఎండిన చెక్కులు. కుక్కపళ్ళ గుర్తులు. నాగమణిని అడిగాను.

"మూడు వారాల కిందట రెండ్రోజులు ఇంటికి రాలేదండీ. తర్వాత కుంటుకుంటా వచ్చింది. తిరిగే పిల్లి కదా అని ఊరుకున్నాం."

ముల్లు దొరికినంత మాత్రాన రేబీస్ లేనట్టు కాదు. సరిగా నమిలి మింగలేని జంతువు నోట్లోనే ముల్లు ఇరుక్కునే అవకాశం ఎక్కువ. ఒక కారణం కంటపడగానే నేను వెతకడం మానేశాను. నా మాట నమ్మి ఆ మనిషి ఇంటికి వెళ్ళిపోతే, రేపు ఆ వ్యాధి బయటపడితే, ఇక చేయగలిగింది ఏమీ ఉండదు.

రోడ్డు మీదకు పరిగెత్తాను. ఆయన టీ కొట్టు దగ్గర ఆటో మాట్లాడుకుంటున్నాడు.

"నాంచారయ్య గారూ, ఇందాక నేను తొందరపడి మాట్లాడాను. మీరు ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలి."

"ముల్లు మీరే తీశారు. భయం లేదని మీరే అన్నారు. ఇప్పుడు మళ్ళీ పిచ్చంటున్నారు. దేన్ని నమ్మమంటారండీ?"

కొట్టు దగ్గర నలుగురూ నా వంకే చూస్తున్నారు. నా వెనకాలే వచ్చిన నాగమణి మొగుడి మీద విరుచుకుపడింది. "ఆవిడ తప్పు ఆవిడే ఒప్పుకుంటంటే నీకేంటయ్యా? ఎక్కు ఆటో!"

నేనూ ఎక్కాను. ఆసుపత్రిలో గాయం చుట్టూ రేబీస్‌ని అడ్డుకునే సీరం ఇచ్చి, వ్యాక్సిన్ మొదటి డోసు వేసేదాకా ఆయన పక్కనే కూర్చున్నాను. దారిలో గానీ, అక్కడ గానీ ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

పిల్లిని పది రోజులు కనిపెట్టి చూడాలి. కరిచిన నాటి నుంచి పది రోజులు అది ఆరోగ్యంగా ఉంటే, కరిచినప్పుడు దాని చొంగలో రేబీస్ లేనట్టు. కుక్క కాటు పడింది కాబట్టి పిల్లికీ అదే రోజు వ్యాక్సిన్ మొదలుపెట్టాను. "ఇంట్లో గంప కింద మూసి ఉంచండి. ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు" అని చెప్పాను. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి అడిగేదాన్ని. తిందా, నీళ్ళు తాగిందా, అరుపు మారిందా.

నాలుగో రోజు నాగమణి గొంతు వేరేగా ఉంది. "వేట లేదు కదండీ, వలలన్నీ పాకలో పోగేశాం. కలెక్టరు తిరగట్లేదని ఎలకలకి తెలిసిపోయింది. తెల్లారేసరికి పిడికిలి పట్టేంత బొక్కలు. ఒక్క పూట వదలనా?"

"వద్దు" అని పెట్టేశాను. వలలు చిరిగితే, జూన్‌లో ప్రభుత్వం వేసవి వేట నిషేధం ఎత్తేసిన రోజున పడవ ఒడ్డునే ఉంటుందని తెలుసు. మరి వాళ్ళేం చేయాలన్నది మాత్రం అడగలేదు. ఇది నా రెండో తప్పు.

ఏడో రోజు ఫోన్ ఆమే చేసింది. ఏడుస్తోంది. "తప్పయిపోయిందండీ. పొద్దున వదిలా. మళ్ళీ కనపళ్ళేదు."

నేను వెళ్ళేసరికి ఊరు ఊరంతా బయట ఉంది. పిల్లల్ని ఇళ్ళల్లో పెట్టి తలుపులు వేశారు. మగవాళ్ళ చేతుల్లో కర్రలు. "కనపడితే కొట్టేస్తాం మేడం. మా పిల్లల్ని కరిస్తే ఎవరిది పూచీ?" అన్నారొకరు. తప్పు పట్టలేకపోయాను. పడవల కింద, ఇళ్ళ వెనకాల అంతా వెతికాం. చివరికి నాంచారయ్య వలల పాక దగ్గర ఆగి, నన్ను చేత్తో పిలిచాడు.

కలెక్టరు వలల గుట్ట మీద కూర్చుని ఉంది. కాళ్ళ మధ్య ఎలక. మమ్మల్ని చూసి గుర్రుమంది. వెనక నుంచి ఒకతను కర్ర ఎత్తాడు. నాంచారయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు. నేను దాని దవడనే చూస్తున్నాను. దవడ మూసుకుంది. ఎముక పటపటలాడింది. మెడ కదిలింది. మళ్ళీ నమిలింది, మళ్ళీ మింగింది. తోకతో సహా పూర్తి చేసి, మూతి శుభ్రంగా నాక్కుంది.

"మింగుతోందండీ!" అని అరిచాను. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

"మింగక ఏం చేస్తదండీ?" అన్నాడు నాంచారయ్య. ఏడు రోజుల తర్వాత నాతో తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అది.

ఆ పూటే పాక చుట్టూ సందులన్నిటికీ పాత వలలు బిగించి, కలెక్టరుని లోపలే ఉంచాం. పిల్లి బయటికి రాదు, ఎలకలు వలల జోలికి పోవు. నాలుగో రోజే నేను నోరు తెరిచి అడిగి ఉంటే ఇదే చేసి ఉండేవాళ్ళం. పదో రోజూ దాటింది. నాంచారయ్య డోసులన్నీ పూర్తి చేశాడు. కుక్క కాటుతో సోకిన రేబీస్ బయటపడటానికి నెలలు పట్టవచ్చు కాబట్టి పిల్లిని ఆ పాకలోనే చాలాకాలం ఉంచమన్నాను. వాళ్ళు ఉంచారు. తర్వాత అది మళ్ళీ ఊరి తనిఖీకి బయల్దేరింది. పిల్లిని బయటికి వదలొద్దని ఆ ఊరివాళ్ళకి ఇప్పుడు చెప్పను. వ్యాక్సిన్ వేయించి వదలమంటాను.

ఇప్పుడు ప్రతి ఏడూ వేట ఆగి వలలు ఒడ్డుకు చేరగానే, నాంచారయ్య ఊళ్ళో పిల్లులన్నిటినీ రొయ్యల ట్రేలలో వేసుకుని ఆటోలో తెస్తాడు. నేను ఒక్కోదాని నోరు చూసి సిరంజి అందుకోబోతుంటే పక్కనే నిలబడి అడుగుతాడు.

"కాళ్ళు చూశారాండీ?"

సిరంజి పక్కన పెట్టి, నాలుగు కాళ్ళూ చూస్తాను.