చర్చి గోడ మీద గీత

మా ఊళ్ళో చరిత్ర చూడాలంటే తల వంచుకుని నడవాలి. అదంతా నేలలోకి దిగిపోతోంది మరి! మెయిన్ రోడ్డు మీద మైలురాయికి నెత్తి మాత్రమే మిగిలింది. చీరాల ఎంత దూరమో చెప్పే అంకె ఏనాడో తారు కిందికి పోయింది. పొగాకు కాల్చే బ్యారన్ కొట్టం కూలిపోయి ఏళ్ళు గడిచినా ఆటోవాళ్ళు ఇంకా "బ్యారన్, బ్యారన్" అని కేకలేస్తూనే ఉంటారు. అవన్నీ పోయినా నేను ఏడవను. చర్చి గోడ మీద గీత సంగతి వేరు. దానికోసం నేను రోడ్డు పక్కన గుంట తవ్వించాను. పూడుస్తామంటే మళ్ళీ తవ్విస్తాను.

ఆ గీత మా నాన్న చెక్కింది. నాకు ఏడేళ్ళప్పుడు తుఫానుకి వాగు ఊరిమీద పడింది. నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు. అమ్మ నెలల పిల్లాడైన తమ్ముణ్ణి మిరపకాయల తట్టలో పడుకోబెట్టి నెత్తిన పెట్టుకుంది. ఇంటి నుంచి చర్చి మెట్ల దాకా గడ్డం లోతు నీళ్ళలో నడిచింది. మేము మెట్లెక్కాక కూడా నీళ్ళు పెరిగాయి. అవి తీశాక, గోడ మీద బురద మరక ఎక్కడిదాకా ఉందో అక్కడ నాన్న ఉలి అరువు తెచ్చి అడ్డంగా ఓ గీత చెక్కాడు. ఏటా క్రిస్మస్‌కి సున్నం కొట్టేటప్పుడు దానికి ఎర్రరంగు వెయ్యడం అమ్మ పని. అమ్మ పోయాక నా పని అయింది.

మా వీధివాళ్ళకి ఓ అలవాటుంది. ఏటా మిరపకాయ ఇంటికి చేర్చేముందు వచ్చి గీత పక్కన నిలబడతారు. ఒంటికి ఎక్కడ తగులుతుందో చూసుకుని, ఇంట్లో అంత ఎత్తున బల్లలు వేసి బస్తాలు పేరుస్తారు. తాతల నాటి తెలివి అని గొప్పగా చెప్పుకుంటారు కూడా.

మొన్న వేసవిలో తుఫాను హెచ్చరిక వచ్చింది. తమ్ముడి ఇల్లు చర్చి వెనక పల్లంలో, మా పాత ఇంటి చోటే ఉంది. ఇంట్లో కొడుకు, కోడలు, నెలల మనవరాలు. ధర వస్తుందని ఆపుకున్న మిరపకాయల బస్తాలు వసారా నిండా ఉన్నాయి. నేను పాఠాలు చెప్పే స్కూలు మెరక మీద ఉంది. "అందర్నీ తీసుకుని మా స్కూల్లోకి వచ్చెయ్‌రా" అని పొద్దున్నే వెళ్ళి నెత్తీనోరూ కొట్టుకున్నాను. వింటేగా! నన్నే చర్చి దగ్గరికి లాక్కెళ్ళి, రోడ్డు మీద నిలబడి చూపించాడు.

"చూడక్కా, అంత పెద్ద తుఫానుకే మొల లోతు. నా అరుగు ఎత్తు తీసేస్తే మోకాళ్ళు. బస్తాలు బల్లలెక్కించి మేం వాటిమీద కూర్చుంటాం. వదిలేసొస్తే కాయంతా తడిసి చస్తది."

చుట్టూ చేరినవాళ్ళూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది.

"నీ మొహం! గీత కిందికి దిగలేదురా, రోడ్డు పైకి లేచింది. కంకర మీద తారు, తారు మీద సిమెంటు. నీ ఇల్లు మాత్రం పాత నేల మీదే ఉంది!"

"ఇది బడి కాదక్కా, పాఠం ఆపు" అని నవ్వాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదడం నాకు చేతకాదు. పలుగు తెచ్చాను. గోడకీ సిమెంటుకీ మధ్య మట్టిపోసి పూడ్చిన చోట ఒక్క పోటు పొడిచాను. పంచాయతీ మెంబరు పరుగెత్తుకొచ్చాడు.

"టీచరుగారూ, రోడ్డు పాడవుద్దండీ!"

"పాడవనివ్వండి. మనుషులే పోతే రోడ్డెవరికండీ?"

ఆయన పక్కకి జరిగాడు. వీధిలో కుర్రాళ్ళు నా చేతిలో పలుగు లాక్కుని తవ్వారు. చర్చికి పైకి కనబడే మెట్లు రెండే. వాటి కింద ఇంకోటి బయటపడింది. తర్వాత ఇంకోటి. అలా కొత్తగా నాలుగు మెట్లు తేలాక నల్లరేగడి తగిలింది, పాత నేల.

"దిగు" అన్నాను తమ్ముడితో.

దిగి, గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. మా ఇంట్లో వాడే అందరికంటే పొడుగు. గీత వాడి నెత్తికి బెత్తెడు పైన ఉంది. చెయ్యెత్తి దాన్ని తడిమాడు.

"అమ్మ పొట్టిది కదక్కా" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ వాడి భుజం దాకా కూడా వచ్చేది కాదు.

గుంటలోంచి ఎక్కి తిన్నగా ఇంటికెళ్ళాడు. బస్తాల వంక చూడలేదు. మనవరాలిని తీసుకుని బయటికొచ్చాడు, వెనకే కొడుకూ కోడలూ. ఇంకా చినుకైనా పడలేదు, నేలంతా పొడిగానే ఉంది. అయినా పిల్లని రెండు చేతులతో నెత్తికి పైగా ఎత్తిపట్టుకుని, స్కూలు దాకా అలాగే నడిచాడు.